నీళ్లు బాగా తాగే గుర్రప్పిల్ల

ఎవరైనా సరుకును మరీ పొగిడితే నాకు ఇప్పటికీ ఒక బస్సు ప్రయాణం గుర్తొస్తుంది.

కోరుట్లలో ఎక్కేసరికి పక్క సీటతను స్కానింగ్ బొమ్మను కిటికీ వెలుగుకు పట్టి చూస్తున్నాడు. సిరిసిల్ల మగ్గాలకు నూలు లెక్కలు కట్టేవాణ్ణి కాబట్టి నా చూపు దాని అంచున ఉన్న సెంటీమీటర్ల గీతల మీదికే పోయింది.

"ఎవరికి బాగలేదన్నా?"

"మా గుర్రప్పిల్లకు. పశువుల దవాఖానల ఉంచి వస్తున్న. పెండ్లి ఊరేగింపులకు తిప్పే నా గుర్రాన్ని మా బావకిచ్చి దీన్ని తెచ్చుకున్న. గిది కిడ్నీ. లోపల పొరలు విడివిడిగ కనబడాలెనట, అంత తెల్లగ కలిసిపోయింది. పుట్టుకతోనే గిట్లనట."

గీతలను బట్టి కొలిచి చెప్పాను. డాక్టరు ఇంత ఉండాలన్నాడని అతను చెప్పిన కొలతలో అది సగం కూడా లేదు.

"తొట్టికి తొట్టి నీళ్లు తాగేది. 'సూడు బామ్మర్దీ, ఎట్ల తాగుతున్నదో! మస్తు బలమైతది' అన్నడు బావ. నేను గూడ మురిసిన. గదే రోగమట."

"పాపం, ఆయనకు మాత్రం ఏం తెలుసు?"

"ఎందుకు తెల్వదు? ఇయ్యాల డాక్టర్ సారు దీని నుదుటి మచ్చ చూసి గుర్తుపట్టిండు. 'బతకదని మీ బావకు అప్పుడే చెప్పిన గదా' అన్నడు."



జగిత్యాల దగ్గరపడుతుండగా అతని ఫోను మోగింది. బావ గొంతు నాకూ వినబడింది. "ఏం బామ్మర్దీ, గుర్రప్పిల్ల ఎట్లున్నది?"

అతను బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగున్నది బావా. నీళ్లు బాగ తాగుతున్నది."

అవతల బావ ఏమీ అనలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు.