అత్త విమానమెక్కిన ఆదివారం

తొంభైల మొదట్లో నేను నాచారంలో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేదాన్ని. శిక్షణ విమానాల మాగ్నెటోలు, స్పార్క్ ప్లగ్గులు బాగుచేయడం మా పని. మాగ్నెటో అంటే బ్యాటరీ సాయం లేకుండా, ఇంజన్‌తో పాటే తిరుగుతూ ప్లగ్గులకు నిప్పురవ్వనిచ్చే యంత్రం. ఒకటి మొరాయించినా రెండోది నడిపించేలా ప్రతి ఇంజన్‌కూ రెండుంటాయి. ఐటీఐ నుంచి నేరుగా వచ్చిన నాకు ఆ పని నేర్పింది మా పెద్ద మెకానిక్. మెదక్ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడిన మనిషి. వర్క్‌షాపులో అందరికీ మామే.

మామ పని చూస్తుంటే ముచ్చటేసేది. లోపలి భాగాలను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి వెంట్రుకంత పగులు కోసం వెతికేవాడు. తెరుచుకుంటూ మూసుకుంటూ రవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు కొలిచాక కూడా ఊరుకోడు. కళ్ళు మూసుకొని, షాఫ్టును చేత్తో తిప్పి చప్పుడు వినేవాడు. నేను తొందరపడితే, "ఆగు బిడ్డా, అది ఏదో చెప్తున్నది" అనేవాడు.

ఇంతా చేసి ఆయన ఎన్నడూ విమానమెక్కలేదు. ఒకసారి, మాకు పని పంపే ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణనిచ్చే కెప్టెన్, ఆదివారం వస్తే ఆకాశంలో ఒక చుట్టు తిప్పుతానన్నాడు. మామ నవ్వి తప్పించుకున్నాడు. ఇంజన్ లోపల ఏమేమున్నాయో తెలిసినవాడికి పైకెక్కడం కష్టమని నాతో అన్నాడు. ఆ మాట నేను ఆయన భార్యకు చేరవేశాను. ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో ఆయాగా చేసేది. విని, అయితే తానెక్కుతానంది.

మామ ఒప్పుకోలేదు. గాలి ఎక్కువన్నాడు, కళ్ళు తిరుగుతాయన్నాడు. అత్త మా ఇద్దరికీ అన్నం వడ్డిస్తూనే అంతా విని, చివరికి ఒక్క మాట అంది.

"ఇన్నేండ్ల సంది ఎవరెవరి పిల్లలో నీ పనిని నమ్మి మీదికి పోయిన్రు. నేను నమ్మొద్దా?"

మామ తలొంచుకొని తిన్నాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురం బస్సెక్కి, సికింద్రాబాద్ దాటి క్లబ్బుకు వెళ్ళాం. అత్త చర్చికి కట్టుకున్న నీలం చీరలోనే ఉంది. ఆమె ఎక్కబోయే విమానం మాగ్నెటోలు ఈమధ్యే మా దగ్గర తయారై వెళ్ళాయి. అయినా మామ సంచిలోంచి స్పానర్లు తీశాడు. స్విచ్చు ఆపి ఉందో లేదో చూసి, ఒక్కో ప్లగ్గూ విప్పి, తుడిచి, సందు కొలిచి మళ్ళీ బిగించాడు. క్లబ్బు ఇంజనీరు పక్కనే నిలబడి చూశాడు. కెప్టెన్ గడియారం చూసుకున్నాడు. ఆ తర్వాత అత్తను ఎక్కించుకున్నాడు.

ఎగరడానికి ముందు పైలట్ ఒక మాగ్నెటో ఆపి చూసి, దాన్ని మళ్ళీ వేసి, రెండోది ఆపి చూస్తాడు. ఒక్కదాని మీద ఇంజన్ వేగం కొంచెం తగ్గాలి, మరీ తగ్గకూడదు. మామ కంచె పట్టుకొని విన్నాడు. వేగం కాస్త తగ్గింది, తేరుకుంది. మళ్ళీ తగ్గింది, తేరుకుంది.

"మంచిగనే ఉన్నది" అన్నాడు. కంచె మాత్రం వదల్లేదు.

విమానం కనుమరుగయ్యాక నీళ్ళిస్తే తాగలేదు. ప్రార్థన చేస్తున్నారా అని అడిగాను. చేస్తున్నానని, మధ్యమధ్యలో ప్లగ్గులు అడ్డమొస్తున్నాయని చెప్పాడు.

అత్త కొప్పు చెదిరిపోయి దిగింది. మౌలాలి గుట్ట, రైలు పట్టాలు, దూరాన కీసర గుట్ట అన్నీ చూశానంది. మామ అడిగింది ఒక్కటే: ఇంజన్ ఎక్కడైనా దగ్గిందా అని.

"మబ్బులు సూసుకుంట కూసున్న. ఇంజన్ చప్పుడు ఎవరికి యాదికున్నది?"

అప్పుడు నవ్వాడు మామ, పొద్దుటినుంచి మొదటిసారి. తిరుగు బస్సులో అత్త ఆ ముచ్చటంతా కండక్టరుకు మొదటినుంచీ చెప్పింది. టికెట్లు చేతిలో పట్టుకొని, తానెప్పుడూ విననట్టుగా మామ కూడా విన్నాడు.