హైడ్ కాదు సార్, స్టోర్

మొన్న మనవడు ఇంగ్లీషు పరీక్షకు చదువుకుంటూ, హైడ్ అన్నా స్టోర్ అన్నా ఒకటే కదా నాయనమ్మా అన్నాడు. ఒకటెట్లా అవుతుందిరా, ఆ రెండింటి నడుమ మా బాపు ప్రాణం ఊగిసలాడిందని కసిరాను. పాపం, వాడు బిత్తరపోయాడు.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, నార్కట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో మిలిటరీవాళ్లు ఇల్లిల్లూ సోదా చేస్తున్న రోజులవి. కమ్యూనిస్టు దళాలకు తిండి పెట్టారన్న అనుమానం చాలు, మనిషిని లారీ ఎక్కించేవాళ్లు. ఎక్కినవాళ్లలో కొందరు తిరిగి రాలేదని మన తరం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పట్నంలో మిషన్ బడిలో చదివి, అక్కడే పంతులమ్మగా కుదిరిన నేను, ఆ వారం సెలవు మీద ఇంట్లో ఉన్నాను. ఆడపిల్లకెందుకని మా చిన్నాయన ఏళ్లపాటు సణిగిన ఇంగ్లీషు నాది.

మా వాకిలి తవ్వితే జొన్నలు బయటపడ్డాయి. గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మన్ను మెత్తి కరువుకాలానికని ఉంచుకోవడం మా మెట్ట పల్లెల్లో తాతల నాటి అలవాటు. దాన్నే పాతర అంటాం. బాపు ఆ మాటే చెప్పాడు. మా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి ఎక్కడినుంచో వచ్చిన దుబాసీ పాతరన్నది ఎన్నడూ చూసినవాడు కాదు, దళాల కోసం హైడ్ చేశాడని ఆఫీసరుకు చెప్పేశాడు. బాపు చేతులు వెనక్కి విరిచి కట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసరుకు ఎదురుగా పోయి, హైడ్ కాదు సార్, స్టోర్ అన్నాను. హైడ్ చేసేవాడు ఒకరి కంట పడనీయడు, మా పాతర నింపిననాడు వాడకట్టంతా వచ్చి చేయి వేసిందని, నాకొచ్చిన ఇంగ్లీషంతా కుమ్మరించాను. రుజువేదన్నాడాయన. రుజువు కావాలట, మీ పాతరలు కూడా చూపించండని తెలుగులో వాడ మొత్తానికి వినబడేట్టు చెప్పాను. ఎవరూ కదల్లేదు. వాళ్లనేం తప్పుపడతాం, చూపించిన గింజలు కూడా ఎత్తుకుపోతే ఏడాదంతా పస్తులే కదా.

అప్పుడు ఎదురింటి నుంచి, గొర్లు కాసుకునేవాళ్ల అవ్వ చీపురు పట్టుకుని వచ్చి, తన వాకిట్లో మన్ను ఊడ్చి చూపించింది.

"గిది మా పాతర. నన్ను గూడ లారీ ఎక్కించమను బిడ్డా."

ఇక ఇంటింటా చీపుళ్లు లేచాయి. ఆఫీసరు వాడ పొడుగునా నడిచి చూసి వచ్చి, కాగితం మీద ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసి, బాపు కట్లు విప్పించాడు. గెలిచాను, ఇప్పటికీ ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. ఆ ఏటి ఎండాకాలం పాతర తీసినప్పుడు, ఇంటి పెద్దకొడుకు ఎత్తవలసిన మొదటి గంప బాపు నాచేత ఎత్తించాడు. ఆ గంపను నా నెత్తికెత్తింది చిన్నాయనే.

ఇప్పుడు పంట కల్లం నుంచి నేరుగా మార్కెట్ యార్డుకే పోతోంది, వాకిళ్లకు సిమెంటు వచ్చింది, పాతరలు పూడిపోయాయి. పోతే పోనీ, గింజలు పెట్టుకోవడానికి వేరే జాగాలు వచ్చాయి. కానీ పక్కింటి మనిషిని లారీ ఎక్కిస్తుంటే, తన తిండిగింజలు చూపించి అడ్డం నిలబడే వాడ ఇంకా ఎక్కడన్నా ఉందో లేదో, నాకైతే తెలియదు.