రెస్ట్ రోజు నూట ఎనిమిది ప్రదక్షిణలు

భానుశ్రీ పరిగెత్తడం అంటూ అమెరికాలో వాళ్లుండే అరోరా ఊళ్లో ఎవరైనా చూసి ఉంటే, అది స్కూల్ బస్సు వెనకాలే చూసి ఉంటారు. అదీ కూతురి లంచ్ బాక్స్ చేత పట్టుకుని, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో. నలభై ఆరేళ్ల మనిషి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు ఇంట్లోంచే. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతికి పట్టుకోవడం ఆవిడ పని, ఆ పనిలో ఆవిడకు తిరుగులేదు. అలాంటి మనిషికి తన సొంత లెక్కలోని తప్పు మాత్రం ఆరు వారాలు కనపడలేదు.

మార్చి నెలలో ఒక సాయంత్రం పన్నెండేళ్ల హంసిక స్కూల్ నుంచి ఒక ఫారం తెచ్చి వంటింటి గట్టు మీద పడేసింది. స్కూల్లో రన్నింగ్ క్లబ్ పెట్టారట. పది వారాల శిక్షణ, ఆఖరున ఐదు కిలోమీటర్ల పరుగు. ప్రతి పిల్లకూ తోడుగా ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు పరిగెత్తాలి.

"నాన్నకి knee ప్రాబ్లమ్ కదా. నువ్వు చేస్తావా మా?" అంది హంసిక, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఈ ప్రశ్న విలువ తెలియాలంటే ఆ ఇంటి సంగతి కాస్త తెలియాలి. రెండేళ్లుగా ఆ పిల్ల తల్లితో కలిసి ఎక్కడికీ రావడం లేదు. స్కూల్ దగ్గర దింపితే కారు ఒక సందు ఇవతలే ఆపమంటుంది. ఏం అడిగినా రెండే జవాబులు, ఫైన్, ఓకే. ఈ వయసులో పిల్లలందరూ అంతేనని తండ్రి ఫణి తేలిగ్గా తీసేసేవాడు. భానుశ్రీ అలా తీసేయలేకపోయింది. పిల్ల చెయ్యి జారిపోతోందని లోపల్లోపల కుమిలిపోయేది. అందుకే ఐదు కిలోమీటర్లంటే ఇంటి నుంచి ఎందాకా అని కూడా అడగకుండా సంతకం పెట్టేసింది. పెట్టాక బాత్రూంలోకి వెళ్లి, అద్దంలో చూసుకుని, చిన్నపిల్లలా నవ్వుకుంది.

కోచ్ ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీదికెక్కింది. సోమ, బుధ, శనివారాలు పరుగు. మిగిలిన నాలుగు రోజులూ రెస్ట్. మొదటి వారం నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, ఇలా ఎనిమిదిసార్లు. ఒక్క నిమిషమేనా అని భానుశ్రీ తేలిగ్గా అనుకుంది. మైదానంలో నలభయ్యో సెకనుకల్లా తెలిసివచ్చింది. పైగా అక్కడ స్రవంతి ఉంది. హంసిక స్నేహితురాలు దేదీప్య వాళ్లమ్మ. ఏడాదికి రెండు హాఫ్ మారథాన్లు పరిగెత్తే మనిషి, పిన్ను పెట్టకపోయినా చెదరని జుట్టు. ఆవిడ కంటే వెనకబడితే కూతురికి నామోషీ అని భానుశ్రీ ఆ ఒక్క నిమిషమూ ప్రాణం పెట్టి పరిగెత్తేది, తర్వాత నిమిషంన్నర కంచె పట్టుకుని రొప్పేది. మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత మెల్లగా వెళ్లండి అని కోచ్ వారం వారం చెప్పేది. అది స్రవంతికి చెబుతోంది కాబోలని భానుశ్రీ అనుకునేది.

ఇక రెస్ట్ సంగతి. మన ఇళ్లల్లో ఆ మాట జ్వరం వచ్చినవాళ్లకు డాక్టరు రాసిచ్చేది. నిక్షేపంలా తిరుగుతున్న ఆడమనిషికి రెస్ట్ రాసిచ్చిన మహానుభావులు ఆవిడకు అంతవరకు తారసపడలేదు. రెస్ట్ అంటే పరుగు లేని రోజు, అంటే ఖాళీ రోజు, ఖాళీ అంటే ఏదో ఒకటి పెట్టి నింపాల్సిన రోజు. ఫ్రిజ్ ముందు నిలబడి లెక్క వేసింది. వారానికి నాలుగు, పది వారాలకు నలభై. నలభై రోజులంటే మండలం. దేవుడే కుదిర్చిన లెక్క అనిపించి ఆవిడకు ఒళ్లు పులకరించింది. కూతురి పక్కన చివరిదాకా పరిగెత్తే శక్తి ఇమ్మని మొక్కుకుని, ప్రతి రెస్ట్ రోజూ పక్క ఊరి వెంకటేశ్వరస్వామి గుడిలో, ఆంజనేయస్వామి సన్నిధి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు మొదలుపెట్టింది.

పని ముగించుకుని గుడి చేరేసరికి ఏడున్నర. ఎనిమిదిన్నరకి తలుపులు వేస్తారు. ఈలోపు నూట ఎనిమిది పూర్తి కావాలంటే నడిస్తే కుదరదు. చెప్పులు లేని కాళ్లతో, రాతి నేల మీద, చున్నీ నడుముకు బిగించి, ఫోన్‌లో లెక్క నొక్కుకుంటూ ఆవిడ వెళ్తుంటే, తీర్థం కోసం వచ్చిన ముసలివాళ్లు గోడకు ఒదిగి దారి ఇచ్చేవారు.

ఆరో వారానికల్లా రెండు కాళ్లకూ మోకాలి కింద ఎముక పొడవునా సలుపు పట్టుకుంది. మెట్లు దిగడానికి గోడ సాయం కావలసి వచ్చింది. శనివారం కోచ్ పక్కకు పిలిచి, రెస్ట్ తీసుకుంటున్నారా అని అడిగింది. ఒక్కటి కూడా వదల్లేదని భానుశ్రీ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పింది. పది రోజుల్లో నొప్పి తగ్గకపోతే పరుగుకు ఒప్పుకోలేనని కోచ్ అంది. ఇంటికి వచ్చేటప్పుడు కార్‌లో హంసిక కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ఇట్స్ ఓకే మా. స్రవంతి ఆంటీ నన్ను కూడా తీసుకెళ్తా అన్నది."

పిల్ల తిట్టినా అంత బాధ ఉండేది కాదు. జాలిగా చెప్పింది, అదే భరించలేకపోయింది.

ఆ సాయంత్రం భానుశ్రీ కాళ్లకు ఐస్ పెట్టుకుని కూర్చుంటే, హంసిక ఆవిడ చేతి వాచీ తీసుకుని ఊరికే నొక్కుతూ కూర్చుంది. కాసేపటికి కనుబొమలు ముడిచింది. సోమవారం ఐదు వేల అడుగులు, మంగళవారం పదకొండు వేలు. బుధవారం ఐదు, గురువారం పదకొండు. ప్రతి వారం అంతే.

"అమ్మా, నీ రెస్ట్ డే నీ రన్ డే కంటే పెద్దగా ఉంది. నువ్వు ఎక్కడికి పోతున్నావ్?"

గుడికి అని చెప్పింది భానుశ్రీ. ఎందుకో చెప్పింది. ఎన్ని ప్రదక్షిణలో కూడా చెప్పింది. ఫణి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయాడు. హంసిక మాత్రం నవ్వలేదు. వాచీ తల్లి చేతికి మళ్లీ పెట్టి, బెల్టు బిగించి, తనకోసమేనా అన్నట్టు ఒకసారి చూసి తన గదిలోకి వెళ్లింది.

తప్పు దొరికింది, కానీ దిద్దడమెలా? ఇరవై మూడు రోజులు అయ్యాయి, పదిహేడు మిగిలాయి. మొక్కు మధ్యలో ఆపితే దేవుడికి కోపం, ఆపకపోతే కోచ్‌కి కోపం. మర్నాడు ఆదివారం భానుశ్రీ కుంటుకుంటూ గుడికి వెళ్లి పూజారిగారి ముందు సంగతంతా వెళ్లగక్కింది. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి పన్నెండేళ్లయింది, మనిషి నెమ్మది. అంతా విని పంచె సర్దుకున్నాడు.

"రోజూ చూస్తున్నానమ్మా. ఈవిడ ఎవర్ని తరుముతోందా అనుకునేవాణ్ణి," అన్నాడు. "ప్రదక్షిణ అలా చేయకూడదు. నిండు చూలాలు తల మీద నూనె కుండ పెట్టుకుని నడిస్తే ఎలా నడుస్తుంది? చుక్క తొణకకూడదు. అలా చేయాలని పెద్దలు చెప్పారు. నువ్వు ఇప్పటిదాకా చేసినవాటిలో కుండ ఎన్నిసార్లు పగిలిందో."

మరి మిగిలిన పదిహేడు రోజులు అని భానుశ్రీ నసిగింది.

"పరుగయ్యాక తీరిగ్గా చెయ్యి. స్వామి ఎక్కడికీ పోడు. ఆయనకే రోజూ పవళింపు సేవ చేసి తలుపులు వేస్తున్నాం కదా. దేవుడికి లేని సిగ్గు నీకెందుకమ్మా పడుకోవడానికి?"

భానుశ్రీ అక్కడే, ధ్వజస్తంభం పక్కన, పకపకా నవ్వింది. నవ్వుతూంటే కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి.

రెస్ట్ తీసుకోవడం పరుగు కన్నా కష్టమని ఆవిడకు ఆ వారమే తెలిసింది. మంగళవారం సాయంత్రం సోఫాలో కూర్చుంది. సింకులో గిన్నెలు పిలిచినట్టే ఉంది. ఉతికిన బట్టల కుప్ప మీదే కళ్లు. రెండుసార్లు లేవబోతే ఫణి రెండుసార్లూ కూర్చోబెట్టాడు. మూడోసారి హంసిక తన హోంవర్క్ పుస్తకాలన్నీ తెచ్చి తల్లి ఒళ్లో పడేసి పక్కన కూర్చుంది. ఆ బరువుకు ఇక ఆవిడ లేవలేదు. రెండో వారానికి రెస్ట్ రుచి మరిగింది. గురువారం మధ్యాహ్నం మీటింగుకీ మీటింగుకీ మధ్య గురక పెట్టి మరీ నిద్రపోయింది.

సలుపు తగ్గింది, కోచ్ సరేనంది. ఈసారి భానుశ్రీ నెత్తిన నూనె కుండ ఉన్నట్టే పరిగెత్తింది. కుక్కల్ని తిప్పుతున్న ముసలి దంపతులు దాటిపోయినా చలించలేదు. స్రవంతి ఎక్కడుందో చూడటం మానేసింది. చిత్రమేమిటంటే, ఆగాల్సిన అవసరం రాలేదు. ఐదు నిమిషాలు పరిగెత్తింది, తర్వాత పది, తొమ్మిదో వారానికి ఇరవై ఐదు. ఊపిరి చిక్కుతోందో లేదో చూసుకోవడానికి పైకి మాట్లాడేది. ఏం మాట్లాడాలో తెలియక గుత్తివంకాయ కూర ఎలా చేయాలో మొదటి నుంచి చెప్పేది. హంసిక చెవుల్లో బడ్స్ పెట్టుకుని పక్కన వచ్చేది.

మే చివరి శనివారం నది పక్క పార్కులో మూడు వందల మంది చేరారు. ఈల వేయగానే పిల్లలు ఎగబడ్డారు. దేదీప్య, స్రవంతి మొదటి మలుపులోనే కనపడకుండా పోయారు. హంసిక కాళ్లు కూడా ముందుకు లాగుతున్నాయి. భానుశ్రీ చూసింది. ఇన్ని వారాలు దేనికోసమైతే కష్టపడిందో దాన్ని వదులుకుంటూ, "నువ్వు వెళ్లు, నేను మెల్లగా వస్తాలే," అంది.

హంసిక పది గజాలు వెళ్లింది. ఆగింది. చెవుల్లోంచి బడ్స్ తీసి జేబులో వేసుకుంది.

"వద్దులే. ఈ స్పీడ్ నాకు ఓకే."

మొదటి మైలు దాకా లెక్కల టీచర్ గురించి చెప్పింది. లంచ్ టేబుల్ దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో చెప్పింది. రెండేళ్ల మాటలన్నీ ఎక్కడ దాచిందో, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. రెండో మైలు బోర్డు దాటాక గొంతు మారింది.

"మా, ఫిఫ్త్ గ్రేడ్‌లో ఇంటర్నేషనల్ నైట్ ఉండె, పేరెంట్స్ అందరూ స్కూల్‌కి వచ్చేది. నేను నీకు చెప్పలేదు. టీచర్‌కి మా అమ్మకి ఆఫీస్ ఉంది అని చెప్పిన. నువ్వు వస్తే నీ ఇంగ్లీష్... అందరూ నవ్వుతారు అని."

భానుశ్రీ అడుగు మాత్రం తడబడలేదు.

"తెలుసు," అంది. "ఆ మర్నాడు స్రవంతి ఫోటోలు పంపింది."

"తెలుసా? మరి నేను రన్నింగ్ అడిగితే ఎందుకు యెస్ అన్నావ్?"

"నువ్వు అడిగావు కదా నాన్నా."

హంసిక చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది. తర్వాత తల్లికి ఇంకాస్త దగ్గరగా జరిగి, భుజం భుజం రాసుకునేలా పరిగెత్తుతూ, లంచ్ టేబుల్ కథ ఆపిన చోటు నుంచి మళ్లీ అందుకుంది.

నలభై ఎనిమిది నిమిషాలకు గీత దాటారు. అప్పటికి స్రవంతి అరటిపండు కూడా తినేసింది. కోచ్ ఇద్దరి మెడల్లోనూ పతకాలు వేసింది. ఫణి రెండు నీళ్ల సీసాలతో ఎదురొచ్చి, అయిపోయింది, ఇక ఆగండి అని చేతులు ఊపాడు. హంసిక చెబుతున్న లంచ్ టేబుల్ కథ అప్పుడే అసలు ఘట్టానికి వచ్చింది.

"ఆగకు మా," అంది హంసిక తల్లి చెయ్యి పట్టుకుని. "ఇంకా చెప్పేది ఉంది."

ఇద్దరూ అదే నడకలాంటి పరుగుతో పార్కింగ్ లాట్ చుట్టూ తిరిగారు. నొప్పి మోకాలితో ఫణి, నీళ్ల సీసాలు పట్టుకుని వాళ్ల వెనకాలే పరిగెత్తాడు.