పేరు లేని జామ నీళ్ళు

ఈ సంగతి ఇంతకు ముందు రాయలేకపోవడానికి కారణం ఒక్కటే. అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు అమ్మ కూలికి పోతే చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగేది నేనే. వాణ్ణి చంకనేసుకుని బడి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. వాడు ఏడిస్తే పంతులు కసురుకునేవాడు, వచ్చేసేదాన్ని. యాభై నాలుగేళ్ళదాకా వేలిముద్రతోనే బతికాను. చిత్తూరు దగ్గర పండ్ల షెడ్డులో చేరిన మూడేళ్ళకు ఆ ముద్ర కూడా పోయింది. రేషన్ బియ్యానికి పోతే మిషను నా బొటనవేలిని గుర్తుపట్టలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని నాలుగుసార్లు పెట్టినా ఎర్రదీపమే వెలిగింది.

"నీ వేలు అరిగిపోయింది పెద్దమ్మా," అన్నాడు బియ్యం ఇచ్చేవాడు.

ఆ వేలిని అరగదీసిన నీళ్ళ గురించే ఇప్పుడు చెప్పబోయేది.

మా షెడ్డుకు మామిడి కాలం అయిపోయాక జామపండ్లు వస్తాయి. వాటి తోలు కత్తితో తీయరు. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళలో ముంచి తీస్తే, చేత్తో రుద్దగానే ఊడి వస్తుంది. తర్వాత మంచినీళ్ళలో బాగా కడిగి, రెండుగా కోసి, గింజలు తీసి, చక్కెర నీళ్ళలో మెత్తబడేదాకా ఉడికించి డబ్బాల్లో నింపుతారు. డబ్బాలు నిండాక బానలో కొన్ని నీళ్ళు మిగులుతాయి. తియ్యగా, జామ వాసనతో, పల్చటి తేనె రంగులో ఉంటాయి. వాటిని మమ్మల్నే తీసుకుపొమ్మనేవారు. ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం.

ఆ నీళ్ళకు పేరు లేదు. ఒకరోజు అన్నాల దగ్గర దాని మీదే మాట నడిచింది.

"అన్నం వారిస్తే గంజి. పప్పు వారిస్తే కట్టు. పండు వారిస్తే ఏమంటారక్కా?" అని నా పక్కన కూర్చున్న ఆమె అడిగింది.

"పాకం అను."

"పాకమైతే తీగ రావల్ల. ఇది యాడ సాగతాది?"

"రసం అను."

"పిండితే రసం. మనమేం పిండినామా?"

అందరికంటే పెద్దామె మజ్జిగ తాగి గిన్నె కింద పెట్టి, "ఉమ్మనీరు అనండి. బిడ్డను తీసుకుని నీళ్ళు మనకిస్తా ఉండారు కదా," అంది. నవ్వి నవ్వి ఒకామెకు పొలమారింది. పేరు మాత్రం తేలలేదు. నేను పప్పు కట్టులాగే పండు కట్టు అనుకున్నాను గానీ పైకి అనలేదు.

పేరు లేకపోతే ఏమవుతుందో అప్పటికి మాకెవరికీ తెలియదు.

నేను ఇంటికి రెండు రకాల నీళ్ళు తెచ్చేదాన్ని. ఒకటి తాగేది. రెండోది తోలు ఊడదీసిన కాస్టిక్ నీళ్ళు. బాత్రూం బండల మీద పాకుడు దానికి తప్ప దేనికీ వదిలేది కాదు. పండ్లు మునిగి మునిగి అది కూడా తేనె రంగుకే తిరుగుతుంది. ఉడికిన జామ వాసన రెండింటికీ ఉంటుంది. సీసాలూ ఒకే రకం, పెట్టే గూడూ ఒకటే. అందుకని కాస్టిక్ సీసా మెడకు నల్లదారం మూడు ముళ్ళు వేసి కట్టేదాన్ని. దారం ఉంటే తాగకూడదు, లేకపోతే తాగొచ్చు. నాకూ మా ఆయనకూ అంతే గుర్తు.

తర్వాత కొడుక్కి పెళ్ళయి కోడలు వచ్చింది. వాడు లారీ మీద పోయి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. పలమనేరు పిల్ల, ఇంటరు చదివింది. కాపురానికి వచ్చిన కొత్తలో గూట్లో సీసా చూసి అడిగింది.

"బాటిలుకు దారం ఎందుకత్తా?"

చదువుకున్న పిల్ల. నాకు చదువు రాదు, అందుకని దారం కట్టుకుంటాను అని చెప్పడానికి నోరు రాలేదు.

"దిష్టికి," అన్నాను.

బండలు కడిగేది నేనే గనుక ఆమెకు ఆ సీసాతో పని పడలేదు. ఏడాది దాటింది, మనవరాలు పుట్టింది. నేను చెప్పిన అబద్ధం నేనే మరిచిపోయాను.

పాపకు ఏడో నెల. ఆ రోజు షెడ్డులో మిషను చెడిపోయి మధ్యాహ్నం రెండున్నరకే పంపేశారు. సందు మొదట్లో పక్కింటామె చేట పట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా, నీ మనవరాలు బలే ముద్దుగా ఉండాది. దిష్టి తగలతాది, కాలికి నల్లదారం కట్టుమే అని నీ కోడలికి చెప్పొచ్చినా."

"కట్టిందా?"

"అప్పుడే కట్టేసింది. నీకంటే చురుకు."

నవ్వి ముందుకు నడిచాను. నాలుగిళ్ళు దాటాక కాళ్ళు ఆగిపోయాయి. మా ఇంట్లో నల్లదారం ఎక్కడుంది? కండె అయిపోయి నెల అయింది. ఉన్నది ఒక్కటే.

చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాను.

మా ఆయన మార్కెట్లో మూటలు దింపి, మూడింటికల్లా ఇంటికి వచ్చి ఒక గ్లాసు జామ నీళ్ళు తాగేవాడు. తాగే ముందు వేలు ముంచి పాప నాలుకకు రాసేవాడు. పాప చప్పరిస్తే ఆయనకు లోకం కనపడేది కాదు. నేను గడప దాటేసరికి పాప ఆయన ఒళ్ళో ఉంది. స్టీలు గ్లాసు పక్కన ఉంది. ఆయన వేలు తడిగా ఉంది. పాప నోరు తెరిచి ఆ వేలునే చూస్తోంది.

ఆయన మాత్రం వేళ్ళు రెండూ రుద్దుకుంటున్నాడు.

"ఏమే, ఈపొద్దు నీళ్ళు సబ్బు మాదిరి జారతా ఉండాయే?"

ఆ జారుడు నా చేతులకు తెలుసు. ఆయన చెయ్యి పక్కకు కొట్టాను. అది తగిలి గ్లాసు ఎగిరి, కడిగి బోర్లించిన అల్యూమినియం గిన్నె మీద పడింది.

"పిచ్చి పట్టిందా నీకు? బిడ్డ మీద పడుంటే?" అని అరిచాడు.

నేను గిన్నె వైపు చూపించాను. నీళ్ళు పడినచోట సన్నగా బుడగలు లేచాయి. చూస్తూ ఉండగానే తెల్లగా నురగ కట్టింది. ఆయన పాపను వెనక్కి లాక్కున్నాడు.

పాప కాలికి నా దారం ఉంది, నా మూడు ముళ్ళతో. ఎన్నిసార్లు ఆ సీసా వంచానో, అన్నిసార్లూ ఆ దారం ఆ నీళ్ళు తాగింది. దాని కింద చర్మం ఎర్రగా గీత పడి ఉంది. కత్తితో తెంపి, కొళాయి కింద కాలు పెట్టి చాలాసేపు కడిగాను. ఆయన చెయ్యి కూడా పట్టుకుని కడిగాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలు పాప ఏడుపు విని వచ్చింది.

"నువ్వే కదత్తా దిష్టికని చెప్పినావు. బాటిలుకెందుకు, బిడ్డకు కడితే మంచిది కదా అనుకున్నా."

నేను కొళాయి కట్టేసి, పాపను ఆమె చేతికిచ్చాను.

ఆటోలో ఆసుపత్రికి పోయేటప్పుడు మా ఆయన దారి పొడుగునా కోడల్నే తిట్టాడు. "చదువుకున్నదానివి, నీకు ఆ మాత్రం తెలీదా?" ఆ పిల్ల పాపను గుండెకు అదుముకుని ఏడ్చింది. చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉంది. చెప్పలేదు. డాక్టరమ్మ పాప నోరు తెరిచి చూసింది. నోట్లోకి పోలేదు కదా అని రెండుసార్లు అడిగింది. కాలికి మందు రాసి, కట్టు కట్టి, మచ్చ ఉండొచ్చు అంది. ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆ గిన్నె మీద నురగ ఆరి నల్లటి మరక మిగిలింది. ఇప్పటికీ ఉంది.

మర్నాడు పొద్దున కోడలు పలమనేరుకు పోతానని బట్టలు సర్దుకుంటోంది. మా ఆయన వద్దనలేదు. నేను ఆయన్ను లోపలికి పిలిచి, ఇద్దరి ముందూ నిలబడ్డాను.

"దారం దిష్టికి కాదు. నాకు చదవడం రాదు. సిగ్గుపడి అబద్ధం చెప్పినా. తప్పు ఈ పిల్లది కాదు, నాది."

మా ఆయన తల వంచుకున్నాడు. కోడలు బట్టల సంచి పక్కన పెట్టలేదు, చేతికెత్తుకోనూ లేదు. పాప కాలి కట్టు సర్దుతూ కూర్చుంది. నేను రెండు సీసాల్లో నీళ్ళూ వేళ్ళ మధ్య రుద్ది చూసి, జారిన కాస్టిక్ సీసాను సందు చివరి మురుక్కాలవలో వంచి, సీసాను నలిపి పారేశాను. తిరిగి వచ్చి, జామ నీళ్ళ సీసా, ఒక కాగితం, పెన్సిలు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"దీని పేరు రాసి చూపించు. చూసి నేను రాస్తా."

"ఏం పేరత్తా?" ఆమె పెన్సిలు అందుకుంది.

"పండు కట్టు."

ఆమె రాసింది. దాని కింద నేను రాశాను. మొదటిది చిరిగిపోయింది, రెండోది పక్కకు ఒరిగింది. మూడోదాన్ని అన్నం మెతుకులతో సీసాకు అంటించాను. గ్లాసులోకి వంచి, వాళ్ళిద్దరూ చూస్తుండగా మొదటి గుక్క నేనే తాగాను.