కళ్లు మూసుకుంటే కనిపించే కాలేజీ

ఎనభైల మొదట్లో అబుదాబిలో నేను నర్సుగా ఉన్న క్లినిక్‌లో ఒక అమెరికన్ డాక్టరు ఉండేవారు. ఆస్టియోపతీ చదివిన మనిషి. నొప్పిని చేతులతోనే వెతికి సరిచేసేవారు. రోగి వీపు మీద అరచేతులు ఆనించగానే కళ్లు మూసుకుని తన కాలేజీ గురించి చెప్పేవారు. మొదట అదొక పాత చెక్క ఇల్లట. తరవాత ఆస్పత్రి వచ్చిందట, విద్యార్థులను పల్లెలకు పంపే కోర్సు కూడా పెట్టారట. వింటుంటే, ఏసీ హోరులో ఆ కాలేజీకి రోజుకో కొత్త గది లేస్తున్నట్టుండేది.

ఒకరోజు బనియాస్ కూలీల క్యాంపు నుంచి జగిత్యాల అతనొకడు నడుం పట్టేసి, వంగిపోయి వచ్చాడు. మర్నాడు పనిలోకి దిగకపోతే ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, ఇంటికి పంపేస్తానన్నాడట. డాక్టరుగారు చేతులు ఆనించబోతే వద్దన్నాడు.

"సిస్టరమ్మా, సారు ఎదురుకాళ్లతోని పుట్టిండా అడుగు. అట్ల పుట్టినోళ్లు కాలితోని తంతెనే నడుం పట్టు ఇడుస్తది."

నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకున్నారు. ఈసారి కాలేజీ మాట ఎత్తలేదు.

"మా అమ్మ చెప్పేది," అన్నారు మెల్లగా, "ముందు నా పాదాలే బయటికొచ్చాయని."

తన కాలేజీలో ఎవరూ నేర్పని ఆ వైద్యం కోసం, కుర్చీలో కూర్చుని బూటు లేసులు విప్పసాగారు.