రావడం మానేసినవాళ్లు

వంతెన కింద వాగు ఉరిమే చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. నిన్న భద్రాచలం బస్సులో పక్కావిడ హాయిగా నిద్రపోతుంటే, నేను ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని వసుంధర మేడమ్‌ని తలుచుకున్నాను.

మేడమ్‌ది నేలకొండపల్లి. అడవి అంచున ఒక ఆసుపత్రిలో క్షయ రోగుల మీద జరిగిన అధ్యయనానికి లెక్కలన్నీ ఆవిడే చూసేవారు. ముదిగొండ నుంచి వెళ్లి కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు ఆవిడే మొదటి పై అధికారి. మందులు మొదలుపెట్టాక ఎవరు ఎన్నాళ్లు బతికారో కంప్యూటర్‌లో గీతగా గీయడం నా పని. ఒకరు చనిపోతే గీత ఒక మెట్టు దిగుతుంది. మధ్యలో ఆసుపత్రికి రావడం మానేస్తే దిగదు. దాని మీద చిన్న నిలువు గుర్తు పడుతుంది, అంతే.

నేను గీసిన గీత దాదాపు దిగనే లేదు. సంతోషంగా చూపించాను. అది చూసి, గూడేలకు మందులు తీసుకెళ్లే జీపు ఇక అక్కర్లేదని పైవాళ్లు తేల్చే ఆలోచనలో ఉన్నారు. మేడమ్ మాత్రం గీత మీది నిలువు గుర్తులను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

"ఇన్ని గుర్తులేంది, సుజాతా?"

"వాళ్లు రావడం మానేసిన్రు, మేడమ్."

"రానోళ్లకు గూడ వచ్చేటోళ్లంత ఆయుష్షే ఉన్నదని అనుకుంటున్నది మన లెక్క. మరి లేవలేకనే రాకపోతే?"

ఆ గుర్తుల వెనక ఏముందో తెలుసుకోవాలని నాకు లేదు. మర్నాడే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

మొదట వెళ్లింది, రావడం మానేసినవాళ్లలో ముత్తమ్మ అనే ఆవిడ గూడేనికి. వాగు దగ్గర జీపు ఆగిపోయింది. కల్వర్టు మీద నీళ్లు మోకాళ్ల దాకా పారుతున్నాయి. మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు.

"మీకు భయం లేదా, మేడమ్?"

"ఎందుకు లేదు? నాకు ఈత గూడ రాదు. మెల్లగ నడువు."

ఇంటి ముందు ముత్తమ్మ భర్త అడ్డంగా నిలబడ్డాడు. "ఆమె ఈడ లేదు. పుట్టింటికి పోయింది," అన్నాడు. నిజమే అయితే బాగుండునని, వెంటనే వెనక్కి వెళ్లిపోవచ్చని అనుకున్నాను. అంతలో లోపలి నుంచి దగ్గు వినిపించింది. అతను తల దించుకున్నాడు.

మేడమ్ గడప పక్కన కూర్చున్నారు. "తిట్టనీకి రాలే, తమ్మీ."

"దవాఖానాకు పోతే తిరిగి రానంటది. మా చెల్లె గట్లనే పోయింది," అన్నాడతను.

"తిరిగొస్తదని నేను మాటియ్యలేను. గని ఈడనే ఉంటే బతకదు. తోడు నేనుంటా."

లోపలి చీకట్లోంచి సన్నటి గొంతు అడిగింది. "ఇడిచిపెట్టి పోవు గదా?"

"పోను."

ముత్తమ్మను మంచం మీద మోసుకొచ్చేసరికి వాగు ఇంకా పెరిగింది. మధ్యలో ముందు మోస్తున్నతని కాలు జారింది, మంచం ఒరిగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మేడమ్ నడుము లోతు నీళ్లలో నిలబడి, మంచం కోడును భుజంతో ఆపుతున్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముత్తమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

ముత్తమ్మ బతికింది. కోలుకునేదాకా మేడమ్ రోజూ ఆవిడ మంచం దగ్గరికి వెళ్లి కూర్చునేవారు. తర్వాత మేం వెళ్లిన చాలా ఇళ్లలో మాత్రం ఆలస్యమైపోయింది. గుమ్మంలో నిలబడి పేరు అడగగానే వాళ్లు మా ముఖాల్లోకి చూసే చూపుకు నేను ఎన్నటికీ అలవాటు పడలేదు. కొత్త గీత మెట్టు మెట్టుగా కిందికి జారింది. మేడమ్ దాన్నే పైకి పంపారు. గూడేలకు జీపు వెళ్లడం ఆగలేదు.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు గీతలు తెచ్చి చూపిస్తారు. రావడం మానేసినవాళ్లకు నేనే ఫోన్ చేస్తాను. రింగవుతూ ఉంటుంది. అవతల ఎవరో ఎత్తి, పేషెంటునే మాట్లాడుతున్నానని చెప్పేదాకా నాకు ఊపిరాడదు.