అది మామయ్య సంతకం కాదు

గత శనివారం ఇక్కడ అమెరికాలో, నోవై ఊళ్లో మా మామయ్య సంతాప సభ జరిగింది. ప్రొజెక్టర్ తెర మీద పాత దీపావళి సావనీర్ పేజీ ఒకటి వేసి, మన కథా రచయితగారు స్వయంగా పెట్టిన సంతకం చూడండి అన్నారు మా తెలుగు సంఘం ప్రెసిడెంటుగారు. సంతాప సభలో చప్పట్లేమిటో, అందరూ కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మామయ్య బ్రేకుల ఇంజనీరు. కంపెనీకి డ్రాయింగులు జర్మనీ నుంచి వచ్చేవి, అందుకని సాయంత్రం క్లాసులకు వెళ్లి జర్మన్ నేర్చుకున్నాడు. డ్రాయింగులతో ఆగితే ఆయన మామయ్య ఎందుకవుతాడు? లంచ్‌లో పెరుగన్నం డబ్బా పక్కన జర్మన్ కథల పుస్తకం తెరిచేవాడు. యుద్ధం ముగిశాక రాసినవాళ్లంటే ప్రాణం. కూలిన ఇళ్ల మధ్య కూర్చుని, కాగితానికి కరువన్నట్టు పొదుపుగా రాశారనీ, ఏడవాల్సిన చోట కూడా గొంతు పెంచరనీ చెప్పేవాడు. వినేది అత్తయ్యా నేనూ. ఇంతకీ వాళ్లు అన్నం తిన్నారా లేదా అని అత్తయ్య మధ్యలో అడిగేది. ఆ కథలన్నిటికీ అసలు ప్రశ్న అదేనని మామయ్య మురిసిపోయేవాడు.

అలా ఒక కథను తెలుగు చేశాడు. బాంబులకు ఇల్లంతా కూలి మెట్లు మాత్రం మిగులుతాయి. యుద్ధానికి వెళ్లిన కొడుకు వస్తాడని ఒక తల్లి రోజూ ఆ మెట్లు ఊడుస్తుంది. ఊడుస్తుండగానే కథ అయిపోతుంది. రాసినావిడ పేరున్న రచయిత్రి కాదు. ఆవిడ ఊరూ అలాగే కాలిపోయిందట, కొడుకూ తిరిగి రాలేదట. ఆ కథను మా సంఘం సావనీర్‌కిస్తే, కమిటీవాళ్లు మన పత్రికల పాత అలవాటు కొద్దీ దాన్ని ‘అనుసరణ’ చేసిపారేశారు. తల్లి రాజమండ్రి మనిషైంది. బాంబులు గోదావరి వరదయ్యాయి. చివర్లో కొడుకొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. రాసినావిడ పేరు ఎగిరిపోయి, కింద మామయ్య పేరు పడింది. ఇదేమిటని అడిగితే ఎడిటర్‌గారు తాపీగా, “దీపావళి సావనీర్‌లో ఏడుపెందుకండీ? అయినా ఆ పేరు మనవాళ్లకి నోరు తిరగదు,” అన్నారు.

“ఊరు పోయింది, కొడుకు పోయాడు. ఆవిడకి మిగిలింది కథొక్కటే. దాన్ని కూడా నాచేత దొంగతనం చేయించారు,” అన్నాడు మామయ్య. ఆయనా గొంతు పెంచలేదు. ఫంక్షన్ రోజు హైస్కూల్ ఆడిటోరియం గుమ్మం దగ్గర పెన్ను పట్టుకుని నిలబడి, చేతికందిన ప్రతి కాపీలో తన పేరు కొట్టేసి ఆవిడ పేరు రాశాడు. జనం ఆటోగ్రాఫ్ ఇస్తున్నాడనుకుని సంబరంగా లైన్ కట్టారు. ఆయన రాత డాక్టర్ల రాతకన్నా అన్యాయం. చదివిన పాపాన ఒక్కరూ పోలేదు. చల్లారిన పులిహోర తిని ఇంటికెళ్లాడు, మరి ఏ పత్రికకూ కథ ఇవ్వలేదు.

తెర మీద వేసింది ఆ పేజీయే. అడ్డంగా కొట్టేసిన గీత కూడా ఎవరి కళ్లకూ ఆనలేదు. నేను లేచాను. వెనక నుంచి ఎవరో వదిలేయమ్మా అన్నారు. వదల్లేదు.

“అది మామయ్య సంతకం కాదండి. ఆ కథ రాసినావిడ పేరు. చదవండి,” అన్నాను.

ప్రెసిడెంటుగారు కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగారు. ముందు వరసలో కూర్చున్న అత్తయ్య తెర వంక చూడకుండానే చదివింది. “అన్నెగ్రెట్ మ్యూల్‌బ్రింక్.”

నోరు బాగానే తిరిగింది. కాలం ఎలాగూ అందరి పేర్లూ చెరిపేస్తుంది. ఆ పనిలో దానికి మన కమిటీ సాయం అక్కర్లేదు.